తడిగుడ్డ పెట్టే చోటు

1986 మే నెల. పొద్దు నడినెత్తికి వచ్చింది. కరీంనగర్ నుంచి అలుగునూరు దిక్కు మానేరు వంతెన దాటినంక ఒక తెల్ల అంబాసిడర్ రోడ్డు పక్కన ఆగి ఉంది. పెళ్లివాళ్ల బండి. లోపల ఆడపిల్లలు ఒళ్లో కొత్త బట్టల మూటలు పెట్టుకుని చెమటలు కక్కుతున్నారు. మా ఉస్తాద్ బానెట్ ఎత్తి, ఇంజన్ మీద ఒకసారి అరచెయ్యి ఆడించి, వెనక్కి తిరగకుండానే "పోరడా, నీ తువ్వాల ఇటియ్యి" అన్నాడు. పెళ్లివాళ్ల కూజాలో నీళ్లు దాని మీద గుమ్మరించి, ఇంజన్ పక్కకు బిగించి ఉండే పెట్రోలు పంపు చుట్టూ చుట్టాడు. ఒక బీడీ కాలేంత సేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత డ్రైవర్‌ను సెల్ఫ్ కొట్టమన్నాడు. రెండో తిప్పుడుకు బండి అందుకుంది.

నేను ఆయన మెకానిక్ షెడ్డులో చేరి అప్పటికి నెల కూడా కాలేదు. పదో తరగతి తప్పినందుకు మా బాపు తీసుకొచ్చి ఉస్తాద్ చేతిలో పెట్టాడు. తువ్వాల చుట్టడం నాకు మంత్రంలా కనిపించింది. తిరిగి వచ్చేటప్పుడు సైకిల్ తొక్కుతూ ఆయన విడమరిచి చెప్పాడు. ఇంజన్ వేడికి పంపు బాగా కాగుతుంది. లోపలి పెట్రోలు మరిగి ఆవిరవుతుంది. పంపు ఎంత కొట్టుకున్నా ఆ ఆవిరిని నలపడమే తప్ప పెట్రోలును పైకి తోయలేదు. చల్లబడితే ఆవిరి మళ్లీ పెట్రోలవుతుంది. "రోగం యాడున్నదో తెలిస్తె తువ్వాల చాలు. తెల్వకుంటె ఇంజనంత ఇప్పినా దొరకది" అన్నాడు.

కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో కారు రోగం పట్టే పని ఈ నలభై ఏళ్లలో ఎట్లా మారిందో రాయాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాను. మా పనివాళ్లకు రాసుకునే అలవాటు లేదు. చూసి నేర్చుకోవడం, చేసి చూపించడం, అంతే. ఉస్తాద్ పోతే ఆయన చెయ్యి కూడా ఆయనతోనే పోతుంది.

అప్పుడు మా దిక్కు కార్లంటే అంబాసిడర్లు, ఫియట్లు, జీపులు. ఫియట్‌కు ప్రీమియర్ పద్మిని అని పేరు మారి ఏళ్లయినా జనం నోట్లో అది ఫియటే. 1983 డిసెంబరులో ఢిల్లీలో మొదలైన మారుతి 800 మాకు ఇంకా డాక్టర్ల ఇళ్ల ముందర మాత్రమే కనిపించేది. గోదావరిఖని, రామగుండం దిక్కు బొగ్గు బావులు, ఎన్టీపీసీ, ఎరువుల కర్మాగారం ఉండటంతో ఆఫీసు జీపులు ఎక్కువగా తిరిగేవి. సెల్ఫ్ తిరుగుతున్నా బండి అందుకోకపోతే ఉస్తాద్ అడిగే ప్రశ్నలు రెండే: కరెంటు ఉన్నదా, పెట్రోలు ఉన్నదా. ప్లగ్గు వైరు ఊడబెరికి ఇంజన్ బాడీకి దగ్గరగా పట్టుకుంటే నిప్పురవ్వ నీలంగా, టక్కుమని దూకాలి. ఎర్రగా నీరసంగా దూకితే డెల్కో (డిస్ట్రిబ్యూటర్) మూత తీసి పాయింట్లు గీకేవాడు, కండెన్సర్ మార్చేవాడు. కరెంటు బాగుంటే కార్బొరేటర్‌కు వచ్చే పైపు ఊడదీసి చూడటం. పెట్రోలు చిమ్ముతుంటే ఇక జెట్లలో కచరా ఉన్నట్టే. నోటితో ఊది, సన్నని రాగి పోగుతో పొడిచి, మళ్లీ బిగించడం. ప్లగ్గు మూతి ఇటుక రంగులో ఉంటే ఇంజన్ తిండి సరిగ్గా తింటున్నట్టు, మసిబారితే ఎక్కువ తింటున్నట్టు, తెల్లబడితే పస్తులున్నట్టు. పెట్రోలులో కిరోసిన్ కలిసిందన్న అనుమానం వస్తే అరచేతిలో నాలుగు చుక్కలు వేసుకునేవాడు. మంచి పెట్రోలు చల్లగా తగిలి ఆరిపోతుంది. కిరోసిన్ ఉంటే జిడ్డు మిగులుతుంది.

కంటికి, చెవికి, ముక్కుకు, చేతికి అందే పని అది. పన్నెండేళ్లు చేసి నేను కూడా సొంత షెడ్డు పెట్టుకున్నాను. అప్పుడు వచ్చాయి ఎంపీఎఫ్ఐ బండ్లు, కార్బొరేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మేవి.

పెట్రోలును కొలిచి ఇచ్చే పని కార్బొరేటర్ దగ్గర్నుంచి తీసి కరెంటుకు అప్పజెప్పడం జర్మనీలో చాలా ముందే అయిపోయింది. బాష్ కంపెనీ తన డీ-జెట్రానిక్ పద్ధతిని 1967లోనే ఫోక్స్‌వాగన్ కార్లకు పెట్టింది. మన రోడ్ల మీదికి అది పెద్ద ఎత్తున రావడానికి మరో ముప్పై ఏళ్లు పట్టింది. తెచ్చింది ఢిల్లీ పొగ. ఎం.సి. మెహతా వేసిన కేసులో 1999 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశాలిచ్చింది. ఆ ఏడాది జూన్ నుంచి ఢిల్లీ ప్రాంతంలో కొత్త ప్రైవేటు కార్లు పొగ ప్రమాణాల్లో యూరో-1కు, 2000 ఏప్రిల్ నుంచి యూరో-2కు తూగాలన్నది. అదే 2000 ఏప్రిల్‌లో దేశమంతటికీ 'ఇండియా 2000' ప్రమాణాలు వచ్చాయి. అంతకు రెండు నెలల ముందు, ఫిబ్రవరి నుంచి, బంకుల్లో సీసం లేని పెట్రోలే పోయడం మొదలైంది. పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌కు సీసం విషం లాంటిది. 1998లో వచ్చిన సాంట్రో, మాటిజ్‌లు పుట్టుకతోనే ఇంజెక్షన్ బండ్లు. 1999 డిసెంబరులో వ్యాగన్ఆర్ వచ్చింది. జెన్, 800 కూడా కార్బొరేటర్ వదిలేశాయి. మా జిల్లాల ఏపీ 15, ఏపీ 01 నంబర్ల బండ్ల వెనక 'ఎంపీఎఫ్ఐ' అని అక్షరాలు మెరవడం మొదలైంది.

బానెట్ ఎత్తితే కార్బొరేటర్ ఉండాల్సిన చోట అల్యూమినియం గొట్టం. దానికి నాలుగు కప్లర్లు, సన్నని వైర్లు. పంపు ఇంజన్ పక్కన లేదు, పోయి టాంకీలో మునిగి కూర్చుంది. మా ఉస్తాద్ అప్పటికి పెద్దవాడయ్యాడు. ఒకనాడు నా షెడ్డుకు వచ్చి, ఒక ఎంపీఎఫ్ఐ బండి ముందు చాలాసేపు నిలబడి, "తువ్వాల యాడ చుట్టాలెరా దీనికి?" అని అడిగాడు. నాకు జవాబు తెలియదు. ఆ ప్రశ్న నాతో ఉండిపోయింది.

జనానికి మొట్టమొదట అర్థం కానిది నెట్టుడు. బ్యాటరీ పూర్తిగా డౌనయితే నలుగురు వెనక నిలబడి నెట్టడం, డ్రైవర్ సెకండ్ గేర్‌లో క్లచ్ వదలడం మా ఊళ్లలో పెళ్లిళ్లప్పుడు, జాతరలప్పుడు రోజూ చూసే దృశ్యం. ఎంపీఎఫ్ఐ బండిని బస్టాండు చుట్టూ తిప్పి నెట్టినా ఫలితం ఉండదు. టాంకీలో పంపు తిరగాలన్నా, ఇంజెక్టర్ తెరుచుకోవాలన్నా, ఈసీఎం అనే కంప్యూటర్ మేలుకోవాలన్నా బ్యాటరీలో ప్రాణం ఉండాలి. కొద్దిగా ప్రాణం ఉన్నా, అట్లా నెడితే కాలని పెట్రోలు కన్వర్టర్‌లోకి పోయి దాన్ని మాడ్చేస్తుంది. సెల్ఫ్ తిరుగుతోంది కదా అని బ్యాటరీ బాగుందనుకోవడం కూడా మేము చేసిన తప్పే. సెల్ఫ్ కొట్టేటప్పుడు వోల్టేజీ బాగా పడిపోతే మోటారు ఈడ్చుకుంటూ తిరుగుతుంది కానీ ఈసీఎం లేవదు.

ఈ బండ్లను మాకు అర్థం చేయించింది గల్ఫ్. ఈ మాట నేను గట్టిగా చెప్పదలచుకున్నాను. జగిత్యాల, మెట్‌పల్లి, సిరిసిల్ల దిక్కు నుంచి వేలమంది దుబాయి, సౌదీ పోయారు. వాళ్లలో గ్యారేజీల్లో చేసినవాళ్లూ ఉన్నారు. మెట్‌పల్లి దిక్కు మనిషి ఒకాయన దమ్మాంలో పదేళ్లు టయోటాల మీద పనిచేసి 2001లో తిరిగొచ్చాడు. మా షెడ్డులో కూర్చుని మేము భయపడుతున్న బండిని చూసి, "దీనికి ఇంత గాబరా ఎందుకే" అని జేబులోంచి జానెడు వైరు ముక్క తీశాడు. రెండు కొసలూ గీకి, డయాగ్నోసిస్ కప్లర్‌లో రెండు పిన్నులను ఆ వైరుతో కలిపి, కీ ఆన్ చేశాడు. డ్యాష్‌బోర్డులో ఇంజన్ బొమ్మ ఉన్న చెక్‌లైటు ఒకసారి వెలిగి ఆగింది. తర్వాత గబగబా రెండుసార్లు వెలిగింది. మళ్లీ ఒకటి, మళ్లీ రెండు. "ఒకటి, రెండు. పన్నెండు. అంటె దీని లెక్కల ఏ రోగం లేదన్నట్టు" అన్నాడు. టయోటాల్లో రోగం లేకపోతే లైటు ఆగకుండా ఒకే తీరుగా కొట్టుకుంటుందట. సుజుకీ ఇంజన్లలో పన్నెండు చూపిస్తుంది. పద్నాలుగు కొడితే నీళ్ల వేడిని చూసే సెన్సర్ దగ్గర తేడా. ఆ రోజు నేను స్కూలు నోటుబుక్కు ఒకటి కొని అంకెలు రాసుకోవడం మొదలుపెట్టాను. ఆ పుస్తకం ఇప్పటికీ ఉంది. అట్టకు గ్రీజు మరకలు.

అసలు కష్టం ఏమిటంటే, 2000 నుంచి పదేళ్లపాటు అమ్ముడుపోయిన బండ్లకు అన్నిటికీ పనికొచ్చే ఒకే స్కానర్ లేదు. ఒక్కో కంపెనీకి ఒక్కో కప్లర్, ఒక్కో భాష. అమెరికాలో 1996 నుంచే ఓబీడీ-2 అనే రోగం చెప్పే పద్ధతి అందరికీ ఒకటే అయింది. మన దగ్గర ఓబీడీ నిబంధన 2010లో మొదలై, 2013లో రెండో దశకు వచ్చింది. కంపెనీ స్కానర్ కంపెనీ షోరూంలోనే ఉండేది. ఇచ్చోడ దిక్కు బండి ఆగితే ఆదిలాబాద్ వాళ్లు నాగపూర్ వైపు చూడాలి, మేము హైదరాబాద్ వైపు చూడాలి. ఆ పదేళ్లలో "కంప్యూటర్ పోయింది" అన్న మాట మా జిల్లాల్లో అంటువ్యాధిలా తిరిగింది. రోగం పట్టలేని చోటల్లా అదే మాట. సికింద్రాబాద్ రాణిగంజ్ నుంచి పాత ఈసీఎంలు తెచ్చి మార్చడం, అయినా బండి మొరాయించడం, రైతు పత్తి పైసలు పోవడం. నా మొత్తం పనిలో నిజంగా ఈసీఎం చచ్చిపోయిన బండ్లను వేళ్ల మీద లెక్కపెట్టగలను.

నేను కూడా నష్టపెట్టాను. ఆదిలాబాద్ దగ్గరి పత్తి రైతు ఒకాయన బండి కాసేపు నడిచి చచ్చేది. పంపు బలహీనపడిందని కొత్తది వేశాను. పదిహేను రోజులకు తిరిగొచ్చాడు, కోపం లేదు, అలసట ఉంది ముఖంలో. ఈసారి నిదానంగా చూస్తే ఎర్త్ వైరు బాడీకి బిగించే చోట తుప్పు. ఉప్పు కాయితంతో గీకి, బోల్టు బిగిస్తే అయిపోయింది. పంపు పైసలు తిరిగిచ్చాను. కానీ ఆయన పోగొట్టుకున్న పదిహేను రోజులను ఎట్లా ఇవ్వగలను? అప్పటినుంచి ఏ బండికైనా ముందు ఎర్త్, ఫ్యూజు, రిలే, తర్వాతే మిగతావి.

మా నేలకు తగ్గ రోగాలు కొన్ని ఉన్నాయి. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి బండ్లలో ఎయిర్ ఫిల్టర్ నల్లటి మెత్తని పొడితో నిండుతుంది. ఫిల్టర్ దాటిన దుమ్ము, నూనె ఆవిరి కలిసి థ్రాటిల్ చుట్టూ తారులా పేరుకుంటాయి. బండి నిలబడి ఉన్నప్పుడు రేస్ తనంతట తాను ఎక్కుతూ దిగుతూ ఉంటుంది, సిగ్నల్ దగ్గర చచ్చిపోతుంది. కార్బొరేటర్ అలవాటున్న చేతులు వెంటనే స్లో స్క్రూ వెతికేవి. థ్రాటిల్ ఆగే స్క్రూ ఒకటి దొరికేది, దాన్ని తిప్పేవాళ్లు. కంపెనీ కుదిర్చిన ఆ కొలత పోతే, థ్రాటిల్ మూసి ఉందా తెరిచి ఉందా అన్నది ఈసీఎంకు తెలియకుండా పోతుంది. కావలసింది గుడ్డ, క్లీనర్, పావుగంట ఓపిక.

ఆదిలాబాద్ ఊళ్లలో పత్తి ఇంట్లోనే పోసుకుంటారు. చలికాలం ఎలుకలు ఆ దూదిని ఈడ్చుకొచ్చి బానెట్ కింద వెచ్చగా గూడు కడతాయి, పక్కనున్న వైర్లు కొరుకుతాయి. పొద్దున స్టార్ట్ కాని బండిలో నేను ముందు దూది కోసం వెతుకుతాను. దూది కనిపించిందంటే దాని పక్కన కొరికిన వైరు ఉంటుంది.

ఇక చలి. జనవరి పొద్దుగాల ఆదిలాబాద్‌లో 5 డిగ్రీల దాకా పడిపోయే రోజులుంటాయి. మేలో రామగుండం 45 దాటుతుంది. ఈ రెంటినీ ఒకే బండి తట్టుకోవాలంటే నీళ్ల వేడి చెప్పే సెన్సర్ నిజం చెప్పాలి. వేడిగా ఉన్న ఇంజన్ గురించి చల్లగా ఉందని చెబితే ఈసీఎం పెట్రోలు కుమ్మరిస్తుంది. నల్లపొగ, తడిసిన ప్లగ్గులు, మైలేజీ సగం. దీన్ని పట్టడానికి నాకు స్కానర్ అక్కర్లేదు. సెన్సర్ విప్పి, మీటరు తీగలు తగిలించి, పక్క హోటల్ నుంచి గ్లాసు మరిగిన నీళ్లు తెప్పిస్తాను. చల్లగా ఉన్నప్పుడు మీటరు 2,500 ఓముల దగ్గర చూపిస్తుంది. నీళ్లలో ముంచగానే అంకెలు జారడం మొదలవుతుంది. 1,500, 900, 500. నీళ్లు ఇంకా పొగలు కక్కుతుండగా 300 దగ్గరికి రావాలి. చెడ్డ సెన్సర్ మధ్యలో ఎక్కడో ఆగిపోతుంది, లేదా ఒక్కసారిగా ఎగురుతుంది. షెడ్డు పిల్లలను చుట్టూ నిలబెట్టి ఇది చూపిస్తాను. అంకెలు జారుతుంటే వాళ్ల కళ్లు చూడాలి. వేడిని కంటితో చూడటమంటే అదే.

ఉస్తాద్ అడిగిన ప్రశ్నకు జవాబు నాకు 2009 ఎండాకాలంలో దొరికింది. ఉట్నూరులో పనిచేసే సారు ఒకాయన, ఇల్లు కరీంనగర్. చిన్న ఎంపీఎఫ్ఐ కారు. నిర్మల్ దాటి మహబూబ్ ఘాటు ఎక్కేటప్పుడు మధ్యాహ్నం పూట హఠాత్తుగా ఆగిపోతుంది. అరగంట ఆగితే ఏమీ జరగనట్టు స్టార్టవుతుంది. మూడు చోట్ల చూపించాడు. పంపు మారింది, కాయిల్ మారింది, ప్లగ్గు వైర్లు మారాయి. నాలుగో చోట కంప్యూటర్ అన్నారు. "అన్నా, ఇంకొక్కసారి మోసపోయే ఓపిక లేదు నాకు" అన్నాడు. షెడ్డులో చూస్తే బండి బంగారంలా ఉంది. చెక్‌లైటు లేదు, కోడ్ లేదు. అందుకే ఆయన పక్కన కూర్చుని నేనే ఘాటుకు పోయాను.

మిట్టమధ్యాహ్నం రెండో మలుపు దగ్గర ఆగిపోయింది. కీ ఆన్ చేస్తే వెనక సీటు కింద పంపు రెండు సెకన్లు గుయ్యిమంది. పంపు బతికే ఉంది. ప్లగ్గు వైరు పట్టి చూస్తే నిప్పురవ్వ లేదు. ఇంజెక్టర్ కప్లర్‌కు చిన్న ఎల్‌ఈడీ బల్బు తగిలించి సెల్ఫ్ కొట్టిస్తే అదీ కొట్టుకోలేదు. కరెంటూ లేదు, పెట్రోలు చిమ్మడమూ లేదు, రెండూ ఒక్కసారే పోయాయి. వేర్వేరుగా రెండు వస్తువులు ఒకే నిమిషంలో చావవు. ఆ రెండింటికీ మూలం ఒక్కటే: ఇంజన్ తిరుగుతోందని ఈసీఎంకు చెప్పే క్రాంక్ సెన్సర్. దాని లోపల వెంట్రుకంత సన్నని రాగితీగ చుట్ట ఉంటుంది. ఎక్కడో చిట్లిన తీగ వేడికి సాగి విడిపోతుంది, చల్లబడితే మళ్లీ ఆనుకుంటుంది. ఇంజన్ తిరగడం లేదనుకుని ఈసీఎం అన్నీ ఆపేస్తుంది.

నా మెడలో తువ్వాల ఉంది. సారు నీళ్ల సీసా ఇచ్చాడు. తడిపి, చెయ్యి పట్టేంత సందులోంచి దూర్చి, ఆ సెన్సర్ మీద వేశాను. నాలుగైదు నిమిషాలు ఆగి సెల్ఫ్ కొట్టమన్నాను. ఒక్క తిప్పుడుకే అందుకుంది. కరీంనగర్ వచ్చి సెన్సర్ మార్చాను. ఆ సాయంత్రమే ఉస్తాద్ ఇంటికి పోయాను. ఆయనకు చూపు తగ్గింది కానీ చెవులు బాగానే ఉన్నాయి. మొత్తం విని, పాత సెన్సర్‌ను చేతిలోకి తీసుకుని వేళ్లతో తడిమి, "ఇంతేనా ఇది?" అన్నాడు. చాలాసేపు తిరిగి ఇవ్వలేదు.

ఇప్పుడు ఫోన్‌కు తగిలే స్కానర్లు చవకగా దొరుకుతున్నాయి. మంచిదే, నా దగ్గరా ఉంది. కానీ స్కానర్ పి0171 అని చూపిస్తే గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అని మాత్రమే చెప్పినట్టు. చీలిన రబ్బరు గొట్టమా, నీరసించిన పంపా, మూసుకుపోయిన ఇంజెక్టరా అన్నది మనిషి వెతకాలి. కోడ్ చూసి ఆక్సిజన్ సెన్సర్ మార్చేసే పిల్లలను చూస్తే, "కంప్యూటర్ పోయింది" అన్న ఆ పాత రోజులు గుర్తొచ్చి నాకు బాధ కలుగుతుంది. ఇప్పుడు బంకుల్లో ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వస్తోంది. 2000 నాటి బండ్ల రబ్బరు పైపులు దాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. అందుకే పాత బండి వస్తే పైపులు, పంపు ముందున్న జాలీ తప్పకుండా చూస్తున్నాను.

మా జిల్లాలు 2016లో ఎనిమిదయ్యాయి, నంబరు ప్లేట్లు ఏపీ నుంచి టీఎస్, టీఎస్ నుంచి టీజీ అయ్యాయి. ఆ మొదటి ఎంపీఎఫ్ఐ బండ్లు మాత్రం ఊళ్లలో ఇంకా తిరుగుతున్నాయి. స్కానర్‌కు జవాబు చెప్పని బండ్లు అవి. వాటిని చూడగలిగిన చేతులు తగ్గిపోతున్నాయి. మా ఐటీఐల్లో ఒక పాత ఎంపీఎఫ్ఐ ఇంజన్‌ను స్టాండు మీద నిలబెట్టి, దాని సెన్సర్లు ఒక్కొక్కటిగా ఊడదీసి ఏమవుతుందో పిల్లలకు చూపించాలని అక్కడి సార్లను అడుగుతున్నాను. పిలిస్తే నోటుబుక్కుతో నేను వస్తాను, పైసా అక్కర్లేదు.

అట్లాంటి బండి ఉన్నవాళ్లకు ఒక్క మాట. అది ఆగిపోయినప్పుడు ఏ సామానూ మార్పించకముందు ఒక చీటీ రాయండి: ఇంజన్ వేడిగా ఉందా చల్లగా ఉందా, టాంకీలో పెట్రోలు ఎంత ఉంది, ఎంతసేపటికి మళ్లీ అందుకుంది, చెక్‌లైటు వెలిగిందా. రిజర్వులో నడపకండి, పంపును చల్లబరిచేది టాంకీలోని పెట్రోలే. కీ ఆన్ చేసి, సెల్ఫ్ కొట్టకుండా రెండు సెకన్లు ఆగి, వెనక సీటు వైపు చెవి పెట్టండి. పంపు గుయ్యిమన్నదో లేదో మెకానిక్‌కు చెప్పండి.